తెల్లగౌను కనిపిస్తే బండి ఆపకండి

షికాగో
1976 అక్టోబరు 10

పోలా అక్కకు, ప్రభువు నామంలో తమ్ముడు వాలెంటీ వందనాలు.

ఒక్క మాట అడుగుతాను, చుట్టూ తిప్పకుండా జవాబు చెప్పు. చీకటి పడే వేళ తెల్లగౌను వేసుకున్న పిల్ల ఒకతె ఆర్చర్ రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే నువ్వు బండి ఆపుతావా, ఆపవా?

నవ్వకు. ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు. లిండెన్ హాల్లో డాన్సు చేసి, ఇంటిదాకా దింపమని ఎవరి బండో ఎక్కి, శ్మశానం గేటు రాగానే తలుపు తియ్యకుండానే మాయమైపోయే ఆ చచ్చిన పిల్ల మళ్లీ తిరుగుతోంది. కబేళాలో పనిచేసే స్టాఖ్ అయితే మా ప్రార్థన మందిరంలో లేచి నిలబడి అందరి ముందూ చెప్పాడు. రెండు పాటలకు ఆమెతో కలిసి ఆడాడట. చెయ్యి మంచుగడ్డలా ఉందట. బండిలో పక్కనే కూర్చుందట. గేటు దాటాక పలకరిద్దామని తిరిగి చూస్తే సీటు ఖాళీ. మనిషి చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

నేను వాక్యం తిరగేశాను. చచ్చినవాణ్ణి లేపించి మాట్లాడబోయిన సౌలు రాజు ఏం బాగుపడ్డాడు? మర్నాడు తన కత్తి మీద తనే పడ్డాడు. యోహాను తల పళ్లెంలోకి ఎలా వచ్చింది? ఒక పిల్ల డాన్సు చేసినందుకు వచ్చింది. యాభై ఏళ్లుగా ఆ హాలు మన పిల్లల్ని గాలం వేసి లాగుతోంది. ఆ గాలానికి ఎర ఈ తెల్లగౌను. అందుకని మన పోలిష్ భాషలో కరపత్రాలు వేయించాను. పైన పెద్ద అక్షరాల్లో ఒకటే మాట: ‘తెల్లగౌను కనిపిస్తే బండి ఆపకండి.’ ప్రతి ఆదివారం హాలు గేటు దగ్గర నిలబడి పంచుతున్నాను. నాకోసం ప్రార్థన చెయ్యి. నీ కాథలిక్ పూజల్లో అయినా సరే, చెయ్యి.

నీ తమ్ముడు
వాలెంటీ

వదినా, ఆయన గేటు దగ్గర అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు. ఇల్లు రెండు రోజులు హాయిగా ఉంది. అన్నయ్యగారికి నమస్కారాలు. — లోడ్జియా


మిల్వాకీ
1976 నవంబరు 4

ఒరే వాలూష్,

దీవెనలు. నీ ప్రశ్నకు జవాబు: నాకు బండి నడపడం రాదు.

స్టాఖ్ ఏడ్చాడా? పాపం. నేనూ ఆ హాల్లో ఆడినదాన్నే, మర్చిపోయావా? ఆ మేపుల్ చెక్క నేల మీద అడుగేస్తే మనిషి తేలిపోయేవాడు. స్టాఖ్‌తో ఒక పాటకు ఆడిన పిల్ల రెండో పాటకు బల్ల కింద దాక్కునేది. వాడితో రెండు పాటలకు ఆడిందంటే మాత్రం ఆ పిల్ల చచ్చిన పిల్లేరా, నమ్ముతాను.

మొన్న ఆత్మల పండగకి ఇక్కడి శ్మశానంలో దీపాలు పెట్టి వచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది రోజాలియా. మన పెద్దనాన్న కూతురు, ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు నీకు ఊహ తెలియదు. పెళ్లికాని పిల్ల పోతే మనవాళ్లు పెళ్లిగౌను తొడిగి, తలకి ఆకుల కిరీటం పెట్టి పూడుస్తారు కదా. దానికీ అలాగే చేశారు. గౌను నడుం దగ్గర వదులైతే అమ్మ కూర్చుని కుట్టింది. ఆ రోడ్డు మీద మనవాళ్ల ప్రతి ఇంటికీ ఆ శ్మశానంలో ఒక తెల్లగౌను పిల్ల ఉంది. నువ్వు గేటు దగ్గర నిలబడి ఎర అనీ గాలం అనీ తిడుతున్నది ఎవరిని, కాస్త చూసుకో.

డాన్సు వద్దని చెప్పు, నీ ఇష్టం. చచ్చినవాళ్ల జోలికి పోకు.

అక్క
పోలా


షికాగో
1976 డిసెంబరు 12

అక్కకు వందనాలు.

రోజాలియా సంగతి చదివాను. అయినా నేను తిట్టేది చచ్చినవాళ్లని కాదు, వాళ్ల వేషం కట్టే అబద్ధాన్ని.

ఇక్కడ పోరాటం ముదిరింది. నా కరపత్రం ఎవరో పేపరువాళ్లకి ఇచ్చారు, వాళ్లు దెయ్యం బొమ్మతో సహా వేశారు. హాలు ఖాళీ అవుతుందనుకున్నాను. నిండిపోయింది. ఎక్కడెక్కడి కుర్రవాళ్లో దెయ్యంతో ఆడాలని వస్తున్నారు. హాలు నడిపే హావెల్కా నాకు ఎదురొచ్చి టోపీ తీసి, “పాస్టరుగారూ, మీ ప్రసంగాలు ఆపొద్దు. మీవల్లే నా వంటింట్లో పొయ్యి ఆరడం లేదు” అన్నాడు. వాడి నవ్వు చూడాలి.

అది చాలక ఇంకో పని చేశాడు. లోపలికి వచ్చేవాళ్ల కోట్లు తీసుకుని బిళ్లలిచ్చే పిల్లకి తెల్లగౌను తొడిగి, మొహానికి పిండి రాయించి నిలబెట్టాడు. జనం ఆమె చెయ్యి పట్టుకుని చల్లగా ఉందా లేదా అని చూసి నవ్వుకుంటున్నారు. దనూతా అట. మన దేశం నుంచి వచ్చి ఏడాది కాలేదు. నేను కరపత్రం ఇస్తే రెండు చేతులా అందుకుని, మన భాషలో థాంక్స్ చెప్పి, అక్కడే నిలబడి మొత్తం చదివింది. ‘ఆ గుడ్డలు విప్పెయ్యమ్మా, అవి చావు గుడ్డలు’ అన్నాను. తనకి ఉన్న పని ఇదొక్కటేనంది. మొండిపిల్ల.

ఈ ఆదివారం ప్రసంగం నిప్పులా వచ్చింది. ఆ రోడ్డు మీద తెల్లగౌను ఎవరు వేసుకున్నా, ఎంత ఏడ్చి పిలిచినా బండి ఆపం అని జనం చేత చేతులెత్తించాను. అందరూ ఎత్తారు.

వాలెంటీ

వదినా, నేను ఎత్తలేదు. చేతిలో పిల్లల స్వెటరు ఉంది, అల్లుతున్నాను. — లోడ్జియా


మిల్వాకీ
1977 జనవరి 3

ఒరే వాలూష్,

కొత్త సంవత్సరం దీవెనలు. మీ బావ గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని చేపలకు కూర్చుంటున్నాడు. ఇంటికి వాసన తెస్తాడు, చేప తేడు.

నీ హాలు గొడవ చదివాను. పోటీ మీ ఇద్దరిదీ. నువ్వు అరవడం, అతను నవ్వడం. మధ్యలో ఆ పిల్ల చెయ్యి అందరూ పట్టుకుని చూస్తున్నారన్నావే, అది నాకు బాగాలేదు. ఆ సంగతి నీ ప్రసంగంలో ఉందా?

లోడ్జియాకి చెప్పు, స్వెటరు మెడ వదులుగా అల్లమని.

అక్క


షికాగో
1977 జనవరి 20

అక్కకు వందనాలు.

చలి చంపేస్తోంది. గాలి తగిలితే చెవులు ఊడిపడేలా ఉన్నాయి. నేను నడిపే రొట్టెల బండి పొద్దున్నే స్టార్టు కావడం లేదు. దుకాణాలకు రొట్టె ఆలస్యంగా చేరుతోంది, అందరితోనూ మాటలు పడుతున్నాను.

ఆదివారం సాయంత్రం ఆర్చర్ రోడ్డు మీద, శ్మశానం దాటాక, మంచులో ఒక ఆడపిల్ల పడి దొరికింది. ప్రాణం ఉంది. కాళ్లు బాగా దెబ్బతిన్నాయట. మంచు తోసే బండి నడిపేవాడు చూసి ఎత్తుకెళ్లాడు. మెక్సికో నుంచి కొత్తగా వచ్చినవాడు, పేరు రెఫూహియో. అతనికి ఈ రోడ్డు సంగతి తెలియదు.

అందరికోసం ప్రార్థన చెయ్యి. ప్రభువు చిత్తం మనకు తెలియదు.

వాలెంటీ


మిల్వాకీ
1977 జనవరి 24

వాలూష్,

నీ ఉత్తరం పట్టుమని పది లైన్లు లేదు. ప్రసంగం లేదు, సౌలు లేడు, యోహాను తల లేదు. ఒంట్లో బాగుందా?

ఆ ఆడపిల్ల ఎవరు? పేరు రాయలేదేం? ‘అతనికి ఈ రోడ్డు సంగతి తెలియదు’ అని రాశావు. తెలిస్తే ఏం చేసేవాడు?

ఆదివారం సాయంత్రం మీ కూటం అయ్యాక నువ్వూ ఆ రోడ్డు మీదే కదా ఇంటికి వెళ్తావు. నీకేమీ కనబడలేదా?

ఉత్తరం కింద లోడ్జియా రెండు ముక్కలు ఎందుకు రాయలేదు? ఆ మనిషి పురిటి నొప్పుల్లో కూడా రాసింది.

పోలా


షికాగో
1977 జనవరి 28

అక్కా,

అడిగావు కనక చెబుతాను. ఆ పిల్ల దనూతా. హాల్లో కోట్లు తీసుకునే పిల్ల. మధ్యాహ్నం డాన్సు అయిపోయాక వంటమనిషి తన బండిలో దింపుతాడట రోజూ. ఆవేళ చలికి భయపడి అతను ముందే వెళ్లిపోయాడు. ఆదివారం సాయంత్రం బస్సు ఉండదు. గౌను మీద పొట్టి కోటు వేసుకుని నడక మొదలుపెట్టింది. వచ్చిన బండికల్లా చెయ్యి ఊపింది. ఎవరూ ఆపలేదు.

నేనూ ఆ దారినే వచ్చాను. చీకటి పడుతోంది, మంచు ఎగురుతోంది. తెల్లగా ఏదో కనిపించింది. నేను ఆపలేదు. దెయ్యం అనుకున్నాను.

నన్ను తిట్టే ముందు ఇది చూడు. శిష్యులు పడవలో ఉన్నారు, గాలి కొడుతోంది. నీళ్ల మీద నడిచి వస్తున్నవాణ్ణి చూసి భూతం అని కేకలు పెట్టారు. రోజూ ఆయనతో కలిసి తిన్నవాళ్లే పోల్చుకోలేకపోయారు. మరి చీకట్లో, మంచులో, నావంటివాడు పొరబడితే అది పాపమా? పొరబాటు.

మా మందిరంలో చాలామంది ఆ దారినే వచ్చారు. ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. పోయిన ఆదివారం ఏ పేజీ తీసినా దారిలో పడి ఉన్న మనిషీ, పక్క నుంచి తప్పుకుపోయిన యాజకుడూ కనిపించారు. చివరికి నోవహు ఓడ కొలతలు చదివి ముగించాను.

లోడ్జియా బాగానే ఉంది. మాట్లాడటం తగ్గించింది.

వాలెంటీ


మిల్వాకీ
1977 ఫిబ్రవరి 1

వాలెంటీ,

నాకు నీ అంత వాక్యం రాదు. పూజలో విన్నదే తెలుసు. కానీ ఆ కథలో తర్వాత ఏమైందో నాక్కూడా తెలుసు. శిష్యులు భయపడ్డారు, నిజమే. అరిచారు, అదీ నిజమే. తర్వాత ఆయన్ని పడవ ఎక్కించుకున్నారు. భూతం అని తెడ్డు ఇంకా గట్టిగా వేసి పారిపోలేదు.

మొన్న క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనానికి నువ్వు దారినపోయే మనిషి కోసం ఖాళీ పళ్లెం పెట్టావా, లేదా? అమ్మ పెట్టేది, నేను పెడతాను, మన మతం వదిలేశాక కూడా నువ్వు పెడుతూనే ఉన్నావని లోడ్జియా చెప్పింది. పళ్లెం దగ్గరికి వచ్చేది ఎవరనుకున్నావు? బిషప్పు అనుకున్నావా? రోడ్డు మీద చలికి వణుకుతున్నవాళ్లే వస్తారు. వచ్చారు. నువ్వు గేరు మార్చావు.

ఇంకొకటి. నీకు చీకట్లో ఏమీ కనబడకపోవచ్చు. పక్కన లోడ్జియా కూర్చుని ఉంది కదా. వీధి అవతల నడిచే మనిషి చొక్కాకి గుండీ ఊడితే ఇంట్లోంచి చెప్పే మనిషి అది. అది ఏం చూసింది? ఏమంది? ‘మాట్లాడటం తగ్గించింది’ అని ఎంత చల్లగా రాశావురా.

మిగతాది రాయి. సగం చెప్పి నా దగ్గర ప్రార్థన అడక్కు.

పోలా


షికాగో
1977 ఫిబ్రవరి 5

అక్కా,

నేను దెయ్యం అనుకోలేదు.

ఆ మాట రాసి, లేచి నీళ్లు తాగి వచ్చాను. ఇక ఆపకుండా రాస్తాను.

హాలు ముందుకి వచ్చేసరికి నేను బండి నెమ్మది చేస్తాను. లోపల ఎవరెవరి బండ్లు ఉన్నాయో చూడటం నాకు అలవాటు. మర్నాడు పేరు పెట్టి మందలించడానికి పనికొస్తుంది. ఆవేళా అలాగే నెమ్మది చేశాను. హాలు పక్క తలుపు తెరుచుకుంది. లోపలి దీపం వెలుగు మంచు మీద పడింది. ఆ వెలుగులోంచి దనూతా బయటికి వచ్చి, వెనక్కి తిరిగి, తలుపు గాలికి కొట్టుకోకుండా భుజంతో నొక్కి వేసింది. దెయ్యం తలుపు వేసి వస్తుందా అక్కా?

నా బండి చూసి చెయ్యెత్తింది. రెండడుగులు తొందరగా వేసింది.

“ఏమండీ, ఆపండి. ఆ పిల్ల” అంది లోడ్జియా.

“చూడకు” అన్నాను.

“దెయ్యానికి రబ్బరు బూట్లు ఎందుకండీ?”

నేను పాట ఎత్తుకున్నాను. స్తుతి పాట. ఎంత గట్టిగా పాడానంటే లోడ్జియా ఇంకా ఏం అందో నాకు వినబడలేదు. అద్దంలో చూశాను. గౌను పైకి పట్టుకుని కాస్త దూరం పరుగెత్తి, ఆగిపోయింది.

ఎందుకు ఆపలేదో కూడా చెబుతాను. నా వెనక ఫెలిక్స్ బండి ఉంది. మా సంఘం పెద్ద. అతని వెనక ఇంకా ఇద్దరు ముగ్గురు. అందరం కూటం నుంచే వస్తున్నాం. నెల కిందట వాళ్ల చేత చేతులెత్తించినవాణ్ణి నేను. ఇప్పుడు నేనే హాలు గేటు దగ్గర బండి ఆపి, తెల్లగౌను పిల్లని ఎక్కించుకుంటే? వాళ్లు నవ్వుతారని అనుకున్నాను. హావెల్కా కిటికీలోంచి చూసి చప్పట్లు కొడతాడనుకున్నాను. నా మాట పోతుందనుకున్నాను. వెనక ఉన్న రొట్టెల అరలన్నీ ఖాళీ. బండిలో పదిమందికి చోటుంది.

ముందు బండి ఆగలేదు కనక వెనకవాళ్లూ ఆగలేదు. ప్రసంగి దాటిపోయాడంటే అది దెయ్యమే అని వాళ్లకి రుజువు దొరికింది. వాళ్లు దెయ్యాన్ని దాటిపోయారు. నేను ఒక్కణ్ణే మనిషిని దాటిపోయాను.

ఆ పిల్ల ఎడమ కాలి వేళ్లు తీసేశారు. కుడి కాలు దక్కొచ్చంటున్నారు.

ఇంకా ఉంది. హావెల్కా పోలీసులతో ఆ పిల్ల ఆవేళ పనికే రాలేదని చెప్పాడు. గౌను తన హాలుదనీ, దొంగిలించి వేసుకుపోయిందనీ చెప్పాడు. ఆమెకి సరైన కాగితాలు లేవు, తరఫున మాట్లాడేవాళ్లు లేరు. ఆ తలుపులోంచి రావడం చూసినవాళ్లం ఇద్దరమే. లోడ్జియా పోయి చెబుతానంది. నేను ఆగమన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం మానేసింది. తగ్గించడం కాదు, మానేసింది. అది కూడా నీకు అబద్ధమే రాశాను.

నేను చూశానని చెబితే, చూసి దాటిపోయానని కూడా చెప్పాలి. మందిరంలో నా ముందు కూర్చునే ఆ మొహాల ముందే చెప్పాలి. ఏం చెయ్యను?

వాలెంటీ


మిల్వాకీ
1977 ఫిబ్రవరి 9

ఒరే వాలూష్,

రెండుసార్లు చదివి మీ బావకి కూడా చదివి వినిపించాను. ఆయన లేచి బయటికి పోయి మెట్ల మీద మంచు ఊడ్చాడు. పొద్దునే ఊడ్చిన మెట్లు.

ఏం చెయ్యను అని నన్ను అడుగుతున్నావు. జనానికి రోజూ చెప్పేది నువ్వే కదరా, ఒప్పుకోండి, ఒప్పుకోండి అని. ముందు ఆ పిల్ల దగ్గరికి పో. మందిరంలో కాదు, పోలీసుల దగ్గర కాదు, ముందు ఆమె మొహం చూసి చెప్పు. వాక్యం పట్టుకెళ్లకు, ఒట్టి చేతులతో పో. తర్వాత లోడ్జియాతో కలిసి వెళ్లి ఆమె దొంగ కాదని సంతకం పెట్టు. తర్వాత నీ జనం ముందు నిలబడు. నీ మాట పోతే పోనీ. ఆ మాట ఉండి ఎవరిని బతికించింది?

లోడ్జియా నాకు విడిగా రాసింది. ఆస్పత్రి నుంచి వదిలాక ఆ పిల్లని నా వెనక గదిలో కొన్నాళ్లు ఉంచుకోమంది. అది కుదరదని దానికి చెప్పు. ఆ గదినిండా మీ బావ వలలూ డబ్బాలూ ఉన్నాయి. పొయ్యి లేదు. కాగితాలు లేని పిల్లని పెట్టుకుంటే రేపు మీ బావ పనికి ఇబ్బంది. మా వీధిలో ఆ పేపరు అందరూ చదివారు, దెయ్యం గౌను పిల్ల వచ్చిందని పిల్లలు కిటికీలో తొంగి చూస్తారు. షికాగో అంత ఊరు, అక్కడ ఒక గది దొరకదా? జాలి లేక కాదు.

నువ్వు మాత్రం ఆలస్యం చెయ్యకు.

అక్క
పోలా


షికాగో
1977 ఫిబ్రవరి 14

పోలా అక్కకు,

వెళ్లాను. నువ్వు చెప్పినట్టు ఒట్టి చేతులతో వెళ్లాను.

మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ల మీద దుప్పటి పడకుండా కింద ఒక చట్రం పెట్టారు. నేను నా పేరు చెప్పబోయాను. ‘తెలుసండీ, రొట్టెల బండి ఆయన’ అంది. చెప్పాల్సింది చెప్పాను. తలుపు సంగతి, బూట్ల సంగతి, పాట సంగతి. మధ్యలో ఆమె నాకు నీళ్లిచ్చింది. తన గ్లాసులో.

నా బండి వెనక తలుపుల మీద ఏం రాయించానో నువ్వెరుగుదువు. అలసిపోయినవాళ్లందరినీ నా దగ్గరికి రమ్మని పిలిచిన ఆ ప్రభువు మాట, మన భాషలో, అడుగెత్తు అక్షరాల్లో. నేను ముందు కూర్చునేవాణ్ణి. వెనక నుంచి చదివేవాళ్లకి ఎలా ఉంటుందో ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె ఇలా అంది అక్కా, ఒక్క ముక్క మార్చకుండా రాస్తున్నాను: “మీరిచ్చిన కాగితం చదివాను. ఆపొద్దని ఉంది. మీ బండి మీద రమ్మని ఉంది. రెండూ మీవే కదా. బండి మీద రాసిందే నిజం అయ్యుంటుందని పరుగెత్తాను.”

కోపంగా అనలేదు. దారి తప్పి ఎలా వచ్చానో చెబుతున్నట్టు అంది. తిట్టి ఉంటే మోసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ మంచం పక్క నేల మీద కూర్చుండిపోయాను. నర్సు వచ్చి లేపింది.

మా ఇంటికి రమ్మన్నాను. మా మంచం ఇస్తామని, లోడ్జియా చూసుకుంటుందని చెప్పాను. ‘కోపం ఉండి కాదండీ. మీ ఇంట్లో పడుకుంటే పొద్దున్నే ఆ బండి చప్పుడు వినాలి’ అంది. అంతకంటే న్యాయమైన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మర్నాడు లోడ్జియా, నేనూ పోలీసుల దగ్గర సంతకాలు పెట్టాం. హాలు తలుపులోంచి, హాలు గౌనులో, పని ముగించుకుని రావడం కళ్లారా చూశామని. ‘చూసి ఏం చేశారు?’ అని అడిగాడు ఆఫీసరు. ‘దాటిపోయాను’ అన్నాను. అదీ రాసుకున్నాడు. హావెల్కా సాయంత్రానికి దొంగతనం మాట వెనక్కి తీసుకున్నాడు. పొరబాటు పడ్డానన్నాడు. ఆ మాట నాకు బాగా తెలిసిన మాట.

నిన్న మందిరంలో నిలబడ్డాను. వేదిక ఎక్కలేదు, కింద బెంచీల మధ్య నిలబడి చెప్పాను. మీరు దాటిపోయింది దెయ్యాన్ని కాదు, నేను మీకు చూపించిన దారిని పట్టుకుని ఒక పిల్లని దాటిపోయారు, నాకు ఆ సంగతి ఆవేళే తెలుసు అని. ఫెలిక్స్ లేచాడు. నన్ను బయటికి పొమ్మంటాడనుకున్నాను. “ఆ పిల్ల నా బండి అద్దం మీద చెయ్యి ఆనించింది వాలెంటీ. అయిదు వేళ్ల గుర్తులూ పడ్డాయి. ఇంటికి పోయి నేనే తుడిచాను” అని కూర్చున్నాడు. అతని భార్య మొహం కప్పుకుంది. స్టాఖ్ కూడా లేచి, దెయ్యంతో తను ఎన్నడూ ఆడలేదని, ఆవేళ ఎవరూ తనతో ఆడకపోతే ఇంటికి పోయి చెప్పుకోవడానికి ఏదో ఒకటి కావలసి వచ్చిందని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఇక ప్రసంగం చెయ్యనని వాళ్లతో చెప్పేశాను. మిగిలిన కరపత్రాలు పొయ్యిలో వేశాను. ఆ మంట దగ్గర చెయ్యి చాపి వెచ్చబెట్టుకోవడానికి కూడా సిగ్గేసింది.

లోడ్జియా రాత్రి నాతో మాట్లాడింది. ఉప్పు అందుకోమంది. చాలు నాకు.

ఇప్పుడు నీ సంగతి అక్కా.

నాకు నిన్ను మందలించే మొహం లేదు. ఆ మొహం నేను ఆర్చర్ రోడ్డు మీద పోగొట్టుకున్నాను. కానీ నీ ఉత్తరం చివర్లో వలలూ డబ్బాలూ అని చదివినప్పుడు నాకు నా పాటే వినబడింది. నేనూ అంతే గట్టిగా పాడాను. నాకూ అంత మంచి కారణాలే ఉన్నాయి, వెనక వచ్చే బండ్లు, చూసేవాళ్లు, నవ్వేవాళ్లు. నువ్వు నాకంటే మంచిదానివి. చెడ్డవాళ్లు మాత్రమే దాటిపోతారని అనుకోకు. నువ్వింకా దాటిపోలేదు. ఆ పిల్ల ఇంకా నీ ముందే ఉంది, చెయ్యెత్తి ఉంది.

బుధవారం పొద్దున ఆస్పత్రి వదిలేస్తోంది. లోడ్జియా ఆమెని తీసుకుని మధ్యాహ్నం బస్సులో మిల్వాకీ వస్తోంది. కర్రల మీద నడక ఇంకా రాదు. నిన్ను అడిగి పంపడం లేదు, చెప్పి పంపుతున్నాను. ఈ ఉత్తరం నీ చేతికి అందేదీ బుధవారం పొద్దునే. రేపు ఆలోచిద్దాం అనుకోవడానికి రేపు లేదు. నాకు ఆలోచించడానికి పట్టింది హాలు గేటు దాటేంత సేపే, ఆ కాస్తలో ఆమె కాలి వేళ్లు పోయాయి.

చదవడం ఆపు. వలలు బయట మంచులో పడెయ్యి, బావ తిడితే నా పేరు చెప్పు. చేపల గుడిసెలో ఉన్న ఆ చిన్న పొయ్యి తెప్పించి గదిలో వెలిగించు. మంచం మెట్ల దగ్గరికి కాకుండా కిటికీ వైపు లాగు, పిల్లలు తొంగి చూస్తే చూడనీ, ఆమె చెయ్యి ఊపుతుంది. తర్వాత బావని లేపి బండి తీయించి బస్టాండుకి పో. ముందుగా పోయి నిలబడు, బస్సు దిగేసరికి ఆమెకి ఎదురుగా ఒక మనిషి మొహం కనబడాలి. ఆ రోడ్డు మీద ఎవరూ ఇవ్వనిది అదే.

ఇవాళే అక్కా. కోటు తొడుక్కో. బయల్దేరు.